పక్క తడుపుతోందనుకున్నాం

మా పిల్లి చిట్టికి తొమ్మిది నెలలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన రెండు నెలలకు సోఫా మీద, దుప్పట్ల మీద చిన్న చిన్న తడి మచ్చలు. మూత్రం ఆపుకోలేకపోతోందని, ఆపరేషన్లోనే ఏదో తేడా జరిగిందని నాకు ఒకటే టెన్షన్.

డాక్టరుగారు మొదట అడిగింది ఒక్కటే: "నిద్రలో కారుతోందా, మెలకువగా ఉండి పోస్తోందా?" నేనెప్పుడూ గమనించలేదు. రెండు రోజులు పాత ఫోనుతో వీడియో తీశాను. పడుకున్న చోటు పొడిగానే ఉంది. లేచి వెళ్లి, ముక్కి ముక్కి నాలుగు చుక్కలు పోస్తోంది! నిద్రలో కారి ఉంటే, కిడ్నీ నుంచి వచ్చే నాళం పుట్టుకతోనే తప్పు చోట కలిసిందేమో చూడాల్సి వచ్చేదట.

మూత్రంలో రక్తం కనిపించింది, బ్యాక్టీరియా లేదు. స్కానింగ్‌లో రాళ్లూ లేవు. ఒత్తిడితో మూత్రాశయం వాచిందన్నారు. యాంటీబయాటిక్ ఇవ్వలేదు, నొప్పికి మాత్రం మందిచ్చారు. (మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం, జాగ్రత్త.)

ఒత్తిడి ఎక్కడిదంటే, పై ఫ్లాట్లో డ్రిల్లింగ్. పైగా లిటర్ బాక్సును (పిల్లి మలమూత్రాలకు పెట్టే డబ్బా) వాషింగ్ మెషిన్ పక్కకు జరిపిన ఘనురాలిని నేనే. దాన్ని పాత చోటికి మార్చి, పడగ్గదిలో ఇంకోటి పెట్టాను. డ్రై ఫుడ్ తగ్గించి వెట్ ఫుడ్‌లో నీళ్లు కలిపి పెడుతున్నాను. మచ్చలకు ఫినాయిల్ మానేసి మూత్రం వాసన పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ వాడాను.

మూడో వారానికి మచ్చలు ఆగాయి. సంక్రాంతికి ఊరెళ్లొచ్చాక ఒకసారి మళ్లీ వచ్చి, దానంతటదే తగ్గింది. మీది మగపిల్లి అయి, ముక్కుతున్నా చుక్క రాకపోతే మాత్రం ఇవేవీ ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.