ట్యాంకుల షో కోసం విదేశీ ట్రిప్: ఇంట్లో అందరికీ నచ్చేలా ప్లాన్ చేసుకోవడం ఎలా

ఇంట్లో ఒకరికి ట్యాంకులంటే ప్రాణం, మిగతావాళ్ళకి అవన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఇలాంటి కుటుంబాలు మన చెన్నైలో చాలానే ఉన్నాయి, ముఖ్యంగా ఆవడి, అంబత్తూరు, పట్టాభిరామ్ వైపు. అక్కడి తెలుగు ఇళ్ళలో ఎవరో ఒక మామయ్యో పెదనాన్నో హెవీ వెహికిల్స్ ఫ్యాక్టరీలో పనిచేసి ఉంటారు, ఆయన చెప్పిన కబుర్లతోనే పిల్లాడికి ఈ ఇష్టం పట్టుకుంటుంది. ఫ్యాక్టరీ పెట్టింది 1961లో, అందులోంచి మొదటి విజయంత ట్యాంకు బయటికొచ్చింది 1965లో, ఇప్పటి అర్జున్ కూడా అక్కడిదే. 2018 ఏప్రిల్‌లో ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద తిరువిడందైలో డిఫెన్స్ ఎక్స్‌పో జరిగినప్పుడు ట్యాంకులు పరుగెత్తడం చూసినవాళ్ళు ఆ శబ్దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. ఎనభై ఏళ్ళ నాటి ట్యాంకుని జాగ్రత్తగా బాగుచేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, పిల్లల కళ్ళ ముందు మైదానంలో తిప్పే షోలు చూడాలంటే మాత్రం ఎక్కువగా యూరప్‌కే వెళ్ళాలి.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. షోకి ఒక్క రోజు, మహా అయితే రెండు రోజులు ఇవ్వండి, మిగతా రోజులన్నీ ఇంట్లో మిగిలినవాళ్ళవి. అందుకని షో ఎంచుకునేటప్పుడు అక్కడ ఎన్ని ట్యాంకులొస్తాయని కాకుండా, ఆ ఊరి చుట్టూ గంట ప్రయాణంలో ఇంకేమున్నాయని ముందు చూడండి. ట్యాంకుల ఇష్టం ఉన్నవాళ్ళు ఏ షోకి వెళ్ళినా ఆనందపడతారు. ఆ పక్కన నిలబడాల్సిన భార్యకో, చెల్లికో, అత్తయ్యగారికో ఆ ట్రిప్ గుర్తుండిపోవాలంటే చుట్టుపక్కల ఊళ్ళు బాగుండాలి.

అన్నిటికంటే ముందు స్కూల్ క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. ఈ షోలు చాలావరకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా జరుగుతాయి, మనకేమో ఎండాకాలం సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ మొదట్లో అయిపోతాయి. ప్రపంచంలో అన్నిటికంటే పేరున్న షో ట్యాంక్‌ఫెస్ట్, ఇంగ్లండ్‌లో డోర్సెట్ కౌంటీ బోవింగ్టన్‌లోని ట్యాంక్ మ్యూజియంలో జూన్ చివర్లో చేస్తారు. మన పిల్లలకి అప్పటికి కొత్త క్లాసులు మొదలై యూనిట్ టెస్టులు దగ్గర పడుతుంటాయి. చిన్న క్లాసుల్లో ఉంటే వారం సెలవు అడిగి వెళ్ళొచ్చు, పదో క్లాసు, ప్లస్ టూ పిల్లలుంటే ఆ ఆలోచనే వద్దు. బెంగళూరు వాళ్ళకైతే స్కూళ్ళు ఇంకాస్త ముందే తెరుస్తారు, కానీ దసరా సెలవులు మనకంటే ఎక్కువ రోజులు దొరుకుతాయి.

సెలవుల్లోనే వెళ్ళాలంటే నేను ముందు చెప్పేది నెదర్లాండ్స్. ఓవర్‌లోన్ అనే చిన్న ఊళ్ళో యుద్ధ మ్యూజియం ఉంది, 1946లో తెరిచారు, అంటే యుద్ధం ముగిసిన ఏడాదికే. 1944 శరదృతువులో అక్కడే పెద్ద ట్యాంకుల యుద్ధం జరిగింది. ఆ మ్యూజియం వాళ్ళు మే నెలలో మిలిట్రాక్స్ అనే షో పెడతారు, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ వాహనాలు, నకళ్ళు కాకుండా అసలువి, చెట్ల మధ్య మట్టి దారుల్లో నడుస్తాయి. బోవింగ్టన్ కంటే చిన్నది కాబట్టి జనం మధ్య పిల్లల్ని పట్టుకుని పరుగెత్తే టెన్షన్ తక్కువ. అదే ఊళ్ళో ఒక జూ కూడా ఉంది, కాబట్టి ట్యాంకులు వద్దనుకునేవాళ్ళు ఆ పూట అక్కడ గడపొచ్చు. బస నైమేఖన్‌లో పెట్టుకుంటే ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం నుంచి రైల్లో సుమారు గంటన్నర, నదీ తీరాన అందమైన పాత ఊరు. ఒక్క మాట, టులిప్ తోటలు కూడా చూద్దామని ఆశపడకండి, కోకెన్‌హోఫ్ తోట మే రెండో వారంలోగా మూసేస్తారు, షో మామూలుగా ఆ తర్వాతే వస్తుంది. పిల్లలకి దానికి బదులు ఎఫ్టెలింగ్ థీమ్ పార్క్ చూపించండి.

ఇంగ్లండ్ మీదే మనసుంటే టైగర్ డే అనే మాట గుర్తుపెట్టుకోండి. టైగర్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ భారీ ట్యాంకు. బోవింగ్టన్ మ్యూజియంలో ఉన్న టైగర్ 131ని 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సైన్యం పట్టుకుంది, తన ఇంజన్‌తో తానే కదిలే టైగర్ 1 ప్రపంచంలో ఇప్పుడు అదొక్కటే. అరిగిపోతుందని దాన్ని ఏడాదిలో చాలా కొద్ది రోజులే బయటికి తీస్తారు. అందుకే ట్యాంక్‌ఫెస్ట్ కాకుండా వసంతంలో ఒకసారి, సెప్టెంబర్ ప్రాంతంలో ఒకసారి దాని కోసమే విడిగా ఒక రోజు పెడతారు. వసంతంలో వచ్చేది మన సెలవులకి దగ్గరగా ఉంటుంది. తేదీ ఏటా మారుతుంది, మ్యూజియం ప్రకటించేదాకా విమానం టికెట్ కొనకండి, ప్రకటించాక ఆలస్యం చేయకండి, ఎందుకంటే ఆ టికెట్లు ముందే అమ్ముడైపోతాయి, ఆ రోజు గేటు దగ్గరికెళ్ళి కొనుక్కుందామంటే కుదరకపోవచ్చు.

ఇక డోర్సెట్ గురించి ఎంత చెప్పినా తక్కువే. మ్యూజియానికి దగ్గరి స్టేషన్ ఊల్, లండన్ వాటర్లూ నుంచి వేమత్ వెళ్ళే రైలెక్కితే రెండున్నర గంటల ప్రయాణం. బసకి వేమత్ కానీ పూల్ కానీ చూసుకోండి, రెండూ సముద్రం ఒడ్డు ఊళ్ళే, మ్యూజియం పక్కనే గది కావాలని పట్టుబట్టకండి. లల్‌వర్త్ కోవ్, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన డర్డిల్ డోర్ రాతి తోరణం, కార్ఫ్ కోట శిథిలాలు, స్వానేజ్ ఆవిరి రైలు, ఇవన్నీ దగ్గరలోనే. మంకీ వరల్డ్ అని కష్టాల్లో ఉన్న కోతుల్ని, చింపాంజీలని తెచ్చి కాపాడే చోటు ఉంది, అది మ్యూజియానికి కొద్ది నిమిషాల దూరమే. కారు అద్దెకి తీసుకుంటే మనలాగే ఎడమ పక్కే నడపాలి, మన లైసెన్స్‌తో ఏడాది దాకా నడపనిస్తారు కూడా, కాబట్టి మొదటిసారి విదేశంలో స్టీరింగ్ పట్టేవాళ్ళకి యూరప్‌లో మిగతా దేశాల కంటే ఇక్కడే ధైర్యంగా ఉంటుంది. మ్యూజియంలో పరుగెత్తే వాటి కోసం ఎదురుచూస్తూ లిటిల్ విల్లీని వదిలేయకండి. 1915లో తయారైన ఆ ఇనుప పెట్టెతోనే ట్యాంకుల కథ మొదలైంది.

జర్మనీ సంగతి కొంచెం వేరు. హాంబుర్గ్‌కీ హానోవర్‌కీ మధ్య మున్‌స్టర్ అనే ఊళ్ళో జర్మన్ ట్యాంక్ మ్యూజియం ఉంది, సెప్టెంబర్‌లో అక్కడ 'ష్టాల్ ఔఫ్ డేర్ హైడే' అని వాహనాలు నడిపే షో చేస్తారు. బుక్ చేసేముందు మ్యాప్ తెరిచి స్పెల్లింగ్ చూడండి. మ్యూన్‌స్టర్ అని ఇంకో పెద్ద నగరం ఉంది, u మీద రెండు చుక్కలుంటాయి, అక్కడికి రైలు టికెట్ కొంటే దిగేది వేరే రాష్ట్రంలో. మనకి సెప్టెంబర్‌లో క్వార్టర్లీ పరీక్షలు కాబట్టి షోకి కుదరడం కష్టమే, కానీ పరీక్షలయ్యాక వచ్చే సెలవుల్లో వెళ్ళినా మ్యూజియంలో ట్యాంకులు ఎక్కడికీ పోవు. హాంబుర్గ్‌లో మినియాటూర్ వుండర్‌లాండ్ అనే బొమ్మ రైళ్ళ ప్రపంచం ఉంది, దాని ముందు పిల్లలే కాదు తాతయ్యలు కూడా గంటలు గంటలు నిలబడిపోతారు. సోల్టావ్‌లో హైడే పార్క్ కూడా దగ్గరే.

ఫ్రాన్స్‌లో సోమూర్ ఊరి ట్యాంక్ మ్యూజియంలో నడిచే స్థితిలో ఉన్న కింగ్ టైగర్ (టైగర్ 1 తర్వాత వచ్చిన ఇంకా పెద్ద ట్యాంకు) ఉంది, చుట్టూ లువార్ నది కోటలు, పెద్దవాళ్ళతో వెళ్ళడానికి హాయిగా ఉంటుంది. జూన్ 6 దగ్గర్లో వెళ్ళగలిగితే నార్మండీ తీరం చూడండి. 1944లో మిత్రసేనలు దిగిన రోజుని తలుచుకుంటూ ఆ వారమంతా పాత జీపులు, లారీలు ఊళ్ళ మధ్య వరసగా తిరుగుతాయి, చాలావాటికి టికెట్ కూడా అక్కర్లేదు, రోడ్డు పక్కన నిలబడితే చాలు. కాకపోతే బాయూ లాంటి ఊళ్ళలో గదులు నెలల ముందే నిండిపోతాయి, ధరలు కూడా మండిపోతాయి. ఆర్రోమాంష్‌లో ఆటుపోటు తగ్గినప్పుడు సముద్రంలో కనిపించే కాంక్రీట్ దిమ్మెలు అప్పట్లో కట్టిన తాత్కాలిక రేవువి, పిల్లలకి అది చూపించండి. దగ్గరలో ఉన్న సైనికుల శ్మశానాలకి కూడా తీసుకెళ్ళండి. ఇనుప యంత్రాల హడావుడి చూసిన పిల్లలకి వాటి మధ్య చనిపోయిన కుర్రాళ్ళ సమాధులు కూడా చూపించాల్సిన బాధ్యత పెద్దవాళ్ళదే. ఫ్రాన్స్ ఉత్తరాన నవ్ షాపెల్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా భారత సైనికుల పేర్లతో స్మారకం ఉంది. దారి కొంచెం తిరిగైనా వెళ్ళదగ్గ చోటు.

ఇప్పుడు వీసా. ఇంగ్లండ్‌కి వేరు, షెంగెన్‌కి (నెదర్లాండ్స్, జర్మనీ, ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే ఒకే వీసా) వేరు, ఒక ట్రిప్‌లో రెండూ పెట్టుకుంటే ఖర్చూ కాగితాలూ రెట్టింపు, పైగా ఒకరి పాస్‌పోర్ట్ ఒకచోట ఇరుక్కుంటే ఇంకోదానికి టైమ్ చాలదు. పిల్లలతో మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఏదో ఒకటే ఎంచుకోండి. షెంగెన్‌కి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు, మే షో అనుకుంటే జనవరిలోనే చెన్నైలో అపాయింట్‌మెంట్ చూసుకోండి, వేసవి దగ్గరపడ్డాక స్లాట్లు దొరకవు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, ఇది చాలామంది పట్టించుకోరు. 2024 జూన్ నుంచి ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి 45, ఆరేళ్ళలోపు వాళ్ళకి లేదు, సర్వీస్ ఛార్జీ విడిగా ఉంటుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకి సరిపోయేది తీసుకోవాలి. అమ్మానాన్నల్లో ఒకరే పిల్లలతో వెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం పెట్టాలి. బర్త్ సర్టిఫికెట్ తమిళంలోనో తెలుగులోనో ఉంటే ఇంగ్లీషు అనువాదం ముందే చేయించి పెట్టుకోండి. వీసా చేతికొచ్చేదాకా హోటళ్ళు డబ్బు తిరిగిచ్చేవే బుక్ చేయండి. షో టికెట్ ఒక్కటే దీనికి మినహాయింపు, అది పోతే ట్రిప్‌కే అర్థం లేదు కాబట్టి వీసాకి ముందే కొనాల్సి వస్తుంది, ఆ డబ్బు మీద ఆశ వదులుకునే కొనండి.

షో రోజు గురించి. పిల్లలకి చెవులు పూర్తిగా కప్పే ఇయర్ మఫ్‌లు కచ్చితంగా కొనండి, చెన్నైలోనే కొని ఇంట్లో కాసేపు పెట్టుకుని అలవాటు చేయించండి. ట్యాంకు ఇంజన్ శబ్దం ఒకెత్తు, యుద్ధ సన్నివేశాల్లో కాల్చే గుండు లేని తూటాల మోత ఇంకో ఎత్తు, చిన్న పిల్లలు భయపడి ఏడ్చేస్తారు. చంకలో పిల్లలున్నవాళ్ళు వెనక వరసలో, బయటికి దారి దగ్గర నిలబడండి. మైదానమంతా గడ్డి, మట్టి, వాన పడితే బురద. ఇంగ్లండ్‌లో మేలో కూడా చలి గాలి ఉంటుంది, రెయిన్‌కోటు, గట్టి బూట్లు ఉండాలి, చెప్పులేసుకుని వెళ్ళకండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి మడతపెట్టే చిన్న కుర్చీ పట్టుకెళ్ళొచ్చో లేదో మ్యూజియం సైట్‌లో చూసుకోండి. పొద్దున్నే గేటు తెరిచే వేళకి వెళ్ళి ముందు లోపలి హాళ్ళు చూసేయండి, మధ్యాహ్నానికి లోపల అడుగు వేయలేరు.

తిండి విషయంలో శాకాహారులకి మైదానంలో దొరికేది వేయించిన బంగాళాదుంప ముక్కలే అనుకుని సిద్ధపడండి. చపాతీలు, పులిహోర పొద్దున్నే చేసుకుని డబ్బాలో పట్టుకెళ్ళే వీలుండాలంటే వంటగది ఉన్న గది తీసుకోవడమే మంచిది. కందిపొడి, కారప్పొడి, ఊరగాయ పట్టుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు మాత్రం వద్దు, పాలూ మాంసంతో చేసినవి మన దేశం నుంచి ఇంగ్లండ్‌లోకి కానీ యూరప్‌లోకి కానీ రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా పెట్టకండి.

చివరగా ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఈ షోల దగ్గర పాత సామాన్ల దుకాణాలుంటాయి, ఖాళీ తూటా గొట్టాలు, పాత బాంబు పెంకులు, బాయొనెట్‌లు (తుపాకీ చివర బిగించే కత్తులు) పిల్లల కంట పడతాయి, ధర తక్కువని కొనిపెట్టకండి. ఖాళీవైనా సరే విమానాశ్రయంలో స్కానర్ కింద తూటాలాగే కనిపిస్తాయి, చెన్నైలో దిగాక కూడా ఆయుధాల చట్టం కింద ప్రశ్నలొస్తాయి, విమానం తప్పిపోయినా ఆశ్చర్యం లేదు. పాత జర్మన్ బ్యాడ్జీల మీద స్వస్తిక గుర్తులుంటే జర్మనీలో బయటికి చూపించడమే నేరం, ఆ సామాను వైపు వెళ్ళకపోవడమే మేలు. మ్యూజియం షాపులో ప్లాస్టిక్ మోడల్ కిట్ కొనండి, పిల్లాడికి నెలల తరబడి పనుంటుంది. కిట్ పెట్టె చేతి బ్యాగ్‌లో పెట్టుకోండి, నలిగిపోకుండా. దాని గమ్ము, పెయింట్లు మాత్రం అక్కడ కొనకండి, చాలావాటికి తేలిగ్గా మంట అంటుకునే గుణం ఉంటుంది కాబట్టి విమానంలోకి రానివ్వరు, చెన్నైకి వచ్చాక ఇక్కడే కొనుక్కోవచ్చు.