ది వైర్ రెండోసారి చూస్తుంటే కేసు వదిలేయండి, లెక్క పట్టుకోండి

ముందే చెప్తున్నా, ది వైర్ అనే ఈ ఇంగ్లిష్ టీవీ సిరీస్‌ను ఒక్కసారి కూడా చూడనివాళ్ళ కోసం కాదు ఇది. ఎవరు పోతారు, ఎవరు మిగుల్తారు అన్నీ మధ్యలో వచ్చేస్తాయి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. ఒకసారి చూసి "బాగుంది గానీ సగం అర్థం కాలేదు" అని పక్కన పెట్టినవాళ్ళ కోసం, మా బామ్మర్దిలాగా రెండో సీజన్ ఎగ్గొట్టి మూడోదాంట్లోకి దూకినవాళ్ళ కోసం రాస్తున్నా.

హెచ్‌బీఓ అనే అమెరికా టీవీ చానెల్లో 2002 నుంచి 2008 దాకా వచ్చింది, అయిదు సీజన్లు, 60 ఎపిసోడ్లు, మత్తుమందు అమ్మేవాళ్ళ వెంట పోలీసులు పడే కథ, అంతా అమెరికాలోని బాల్టిమోర్ అనే ఒక్క ఊళ్ళోనే. దీని వెనక ముఖ్యంగా ఇద్దరున్నారు. డేవిడ్ సైమన్ ఆ ఊరి పేపర్లో క్రైమ్ రిపోర్టర్‌గా చేసినవాడు, ఎడ్ బర్న్స్ అదే ఊళ్ళో హత్యకేసుల డిటెక్టివ్‌గా చేసి తర్వాత బడిపంతులైనవాడు. ఈ రెండో ఆయన సంగతి గుర్తుపెట్టుకోండి, నాలుగో సీజన్లో పనికొస్తుంది. ఇంత పేరున్న సిరీస్‌కి ఒక్క ఎమ్మీ అవార్డు కూడా రాలేదు, అది వేరే ముచ్చట.

నేను ఉండేది నల్లగొండలో, పనిచేసేది దేవరకొండ వైపు ఒక సర్కారు బడిలో, చెప్పేది లెక్కలు. మొదటిసారి ఈ సిరీస్ మొత్తం బస్సులోనే చూశాను, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ మోకాలి మీద పెట్టుకుని, కండక్టర్ టికెట్ అడిగినప్పుడల్లా ఆపుకుంటూ. ఆ తప్పు మీరు చేయకండి. ఇందులో ఎవరూ మన కోసం ఆగి, విడమరిచి చెప్పరు, ఏడిపించడానికో భయపెట్టడానికో వెనక మ్యూజిక్ కూడా దాదాపు ఉండదు, ఒక్క మాట జారితే మూడు ఎపిసోడ్ల తర్వాత "వీడెవడు" అని మనమే తల గోక్కోవాలి. ఇంట్లో, రాత్రి అన్నాలయ్యాక, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళు కూడా పెట్టుకోండి, సిగ్గేం లేదు, అక్కడి గల్లీ భాష అసలు పట్టుబడదు. రీ-అప్ అంటే అయిపోయిన సరుకు మళ్ళీ తెచ్చుకోవడం, హాపర్లు అంటే మూలమీద నిలబడి అమ్మే చిన్న పిల్లలు, బర్నర్ అంటే వాడి పారేసే ఫోన్. ఈ మూడు తెలిస్తే సగం గండం గడిచినట్టే.

రాత్రికి ఒక్క ఎపిసోడ్ చాలు, శనివారం కావాలంటే రెండు. ఒక్కోటి దాదాపు గంట ఉంటుంది, అంటే రెండు నెలల పని. సీజన్‌కి సీజన్‌కి మధ్య నాలుగైదు రోజులు గ్యాప్ ఇవ్వండి, ఆ గ్యాప్‌లోనే పోలికలు తడతాయి, ఏకబిగిన చూస్తే అయిదు సీజన్లూ ఒకే ముద్ద అయిపోతాయి. మొదట్లో వచ్చే పాటను స్కిప్ కొట్టొద్దు. పాట ఒకటే గానీ సీజన్‌కో గొంతు. నాలుగో సీజన్లో ఆ ఊరి పిల్లలే పాడారు, ఎందుకో ఆ సీజన్ చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అయిదోదాంట్లో పాడినాయన, బబుల్స్‌కు మత్తు మానడానికి తోడుండే వాలన్‌గా నటించినాయన ఒక్కరే. పాట అయ్యాక తెర మీద ఒక వాక్యం పడుతుంది, అది ఆ ఎపిసోడ్‌లోనే ఎవరో అనే మాట. ఎవరు, ఎప్పుడు అంటారో కాచుకుని కూర్చోవడం రెండోసారి చూసేవాళ్ళకు మంచి ఆట.

ఇక అసలు పద్ధతి. సీజన్లను పోల్చమంటే అందరూ చేసేది ర్యాంకులివ్వడం. ఇదొకటో నంబరు, అది రెండో నంబరు, ఇక లొల్లి మొదలు. నేనూ ఇస్తాను, నా వరస 4, 2, 1, 3, 5, కానీ దాంతో చేతికొచ్చేదేం లేదు. దాని బదులు ఒక నోట్‌బుక్ తీసుకుని సీజన్‌కో పేజీ కేటాయించి ఒక్క ప్రశ్నకే జవాబు రాయండి: ఇక్కడ పైవాడు కిందివాడిని అడుగుతున్న అంకె ఏది? దొంగ దొరికాడా లేదా అనేది మొదటిసారే చూసేశాం కదా, రెండోసారి ఆ అంకె వెంట పడండి.

మొదటి సీజన్లో ఈ అంకె ఇంకా చిన్నగా ఉంటుంది. మత్తుమందు ముఠా మీద పెద్ద కేసు కట్టాలని డిటెక్టివ్‌లు మెక్‌నల్టీ, లెస్టర్ తంటాలు పడుతుంటే, పైవాళ్ళకు మాత్రం నాలుగు ప్యాకెట్లు, నలుగురు పిల్లలు టేబుల్ మీద కనపడితే చాలు, ఫొటో దిగి ఫైలు మూసేద్దామంటారు. ఫోన్లు వినడం మొదలయ్యేసరికే సీజన్ దాదాపు సగమవుతుంది, నిదానం అని విసుక్కోకండి, ఆ నిదానమే అసలు పోలీసు పని. మూడో ఎపిసోడ్‌లో చదరంగం సీను ఉంటుంది, ముఠాలో సరుకు అమ్మించే డి'ఆంజెలో కూర్చుని తన కింది కుర్రాళ్ళు బోడీకి, వాలెస్‌కి బంట్ల గురించి చెప్తాడు. మొదటిసారి అది ఒక మంచి సీను, అంతే. ఇప్పుడు ఆ ముగ్గురూ ఏ సీజన్లో ఎలా పోయారో తెలిసి చూస్తుంటే నాకైతే నీళ్ళు కూడా మింగబుద్ధి కాలేదు.

లెక్కల సారును కాబట్టి, ముఠావాళ్ళు పేజర్‌లో ఫోన్ నంబర్లు దాచిపెట్టి పంపే కోడ్ దగ్గర నేను ఆగిపోయాను. ఫోన్ బటన్ల మీద అయిదును మధ్యలో పెట్టుకుని ఎదురు అంకెకు దూకడం: 1 కి 9, 2 కి 8, 3 కి 7, 4 కి 6, అయిదుకు సున్నా. అయిదు-సున్నా జంట తప్ప ఏ జంట కలిపినా పదే. దీన్ని పట్టుకున్నది ప్రెజ్ అనే కుర్ర పోలీసు. రెండో ఎపిసోడ్‌లో తాగిన మైకంలో ఒక పిల్లవాణ్ని తుపాకీతో కొట్టి కన్ను పోగొట్టినవాడు కూడా ఇదే ప్రెజ్. నోట్‌బుక్‌లో వీడి పేరు కింద గీత గీసి పెట్టుకోండి.

రెండో సీజన్ దగ్గరే చాలామంది జారిపోతారు. అప్పటిదాకా గల్లీల్లో తిరిగిన కథ ఉన్నట్టుండి ఓడరేవుకు పోతుంది, తెలిసిన మొహాలు తగ్గి తెల్లతోలు కూలీలు వస్తారు, ఇదేంది సిరీస్ మారిందా అనిపిస్తుంది. నా లెక్కన మన పాలమూరు, నల్లగొండ వాళ్ళకు అన్నిటికంటే దగ్గరగా ఉండే సీజన్ ఇదే. ఫ్రాంక్ సొబొట్కా యూనియన్ ఖజానా చూసే మనిషి. వాళ్ళది వచ్చిన కంటైనర్లను లెక్క రాసుకునే చెకర్ల యూనియన్, మన మార్కెట్ యార్డుల్లో దడవాయిలు తూకం రాస్తారు చూడండి, ఇంచుమించు అట్లాంటి పని. ఓడలు తగ్గిపోయాయి, పని రోజులు తగ్గిపోయాయి. కాలువ లోతు చేయించాలని, ధాన్యం రేవు మళ్ళీ తెరిపించాలని ఆయన దొంగసరుకు దాటించి ఆ డబ్బు లీడర్లకు పోస్తుంటాడు. ఒక సీనులో రాటర్‌డ్యామ్ ఓడరేవులో మనుషులు లేకుండా యంత్రాలే కంటైనర్లు మోసే వీడియో చూపిస్తారు, ఫ్రాంక్ మొహం చూడండి అప్పుడు. బొంబాయి బస్సెక్కిన పాలమూరు లేబర్‌ను చూసినవాళ్ళకు, మిర్యాలగూడ మిల్లుల దగ్గర హమాలీలను చూసినవాళ్ళకు ఆ మొహం కొత్తది కాదు.

అంకె సంగతి ఈ సీజన్లో భలే చేదుగా ఉంటుంది. కంటైనర్‌లో 13 మంది ఆడవాళ్ళ శవాలు, నీళ్ళలో ఇంకొకటి. ఆ 14 హత్యలూ తన ఖాతాలో పడితే ఛేదించిన కేసుల శాతం పడిపోతుందని మెక్‌నల్టీ పాత బాసు రాల్స్ వాటిని వేరే శాఖల నెత్తిన రుద్దాలని చూస్తాడు. రాల్స్ మీద కోపంతో మెక్‌నల్టీ అలల లెక్క, గాలి లెక్క తీసి, చావులు సిటీ నీళ్ళలోనే జరిగాయని రుజువు చేసి పెడతాడు. చచ్చినవాళ్ళ మీద జాలితో కాదు, పగతో. మొదటిసారి నేను అక్కడ నవ్వుకున్నాను.

మూడో సీజన్ మీద ఎక్కువ చెప్పను, ఇందులో అంకె దాక్కోదు, మైకు పట్టుకుని మాట్లాడుతుంది. వారం వారం మీటింగు, తెర మీద పట్టికలు, నేరాలు 5 శాతం తగ్గాలి, హత్యలు 275 దాటకూడదు అని హుకుం. పోలీసు మేజర్ కోల్విన్ విసిగిపోయి, మత్తుమందు అమ్ముకునేవాళ్ళందరినీ ఖాళీ ఇళ్ళున్న ఒక మూలకు తోలి మిగతా ఏరియా ప్రశాంతంగా చేస్తాడు. మత్తుమందును చూసీచూడనట్టు వదిలేస్తారని పేరున్న ఆమ్‌స్టర్‌డ్యామ్ పేరు అనబోయి పిల్లలు దాన్ని హ్యామ్‌స్టర్‌డ్యామ్ చేస్తారు. ఇక్కడ పోల్చాల్సింది కోల్విన్‌ను, ముఠాలో రెండో పెద్ద స్ట్రింగర్ బెల్‌ను: ఇద్దరూ తమ తమ కొలువులో రూల్సు మార్చబోయినవాళ్ళే, ఇద్దరినీ సొంతవాళ్ళే వదిలేస్తారు.

నాలుగోది. దీని గురించి రాయాలంటే నాకు కొంచెం కష్టం. ప్రెజ్ ఇప్పుడు లెక్కల సారు, చేతిలో చాక్‌పీసు. క్లాసు మాట వినదు, పిల్లలకు పాచికలతో సంభావ్యత చెప్పేదాకా ఎవడూ తలెత్తడు. ఇంతలో పై నుంచి ఆర్డరు, రాష్ట్రం పెట్టే పరీక్షకు వచ్చే ప్రశ్నలే నూరిపోయాలి, మిగతా సిలబస్ పక్కన పెట్టు అని. ప్రెజ్‌కు ఠక్కున అర్థమవుతుంది, పోలీసు శాఖలో అంకెలు ఎట్లా వండేవాళ్ళో ఇక్కడా అదే వంటని. నేను రిమోట్ పక్కన పెట్టి కాసేపు అట్లనే కూర్చున్నాను. జనవరి నుంచి పదో తరగతికి మేం పెట్టే సాయంత్రం క్లాసులు, స్లిప్ టెస్టులు, "వీడు గట్టెక్కుతాడా" అని పేర్ల పక్కన నేనే పెట్టే టిక్కులు గుర్తొచ్చాయి. ఆ టిక్కులు పిల్లవాడి కోసమా, పాస్ శాతం కోసమా అని నన్నెవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పలేను.

ఇంకొక చిన్న సీను వదలొద్దు. బడికి రాని పిల్లలను పట్టుకొచ్చే పని, జైలు నుంచి వచ్చిన పాత ముఠా మనిషి కటీకి ఇస్తారు, ఒక్కో పిల్లవాణ్ని సెప్టెంబర్లో ఒక రోజు, అక్టోబర్లో ఒక రోజు తెస్తే చాలు, నిధుల లెక్కకు అది సరిపోతుంది, తర్వాత వాడు వస్తే ఎంత, రాకపోతే ఎంత. దీని పక్కనే రాసుకోండి: కొత్త ముఠా నాయకుడు మార్లో చంపించి దాచిన శవాలు ఖాళీ ఇళ్ళలో ఉన్నాయని, తలుపులకు కొట్టిన మేకుల్ని బట్టి లెస్టర్ పసిగడితే, ఏడాది చివర్లో అవి తేలని కేసులుగా లెక్కకెక్కుతాయని సార్జెంట్ లాండ్స్‌మన్ తలుపులు తెరవొద్దంటాడు. రెండో సీజన్లో రాల్స్ చేసింది ఏమిటి? ఆ పేజీ తిప్పి చూసుకోండి. నోట్‌బుక్ పెట్టమన్నది ఇందుకే.

అయిదోదాంట్లో 10 ఎపిసోడ్లే, పేపర్ ఆఫీసు కథ కొంచెం హడావిడిగా ఉంటుంది, మెక్‌నల్టీ లేని హంతకుణ్ని పుట్టించడం చాలామందికి మింగుడు పడలేదు, నాకూ మొదట పడలేదు. కానీ నాలుగో సీజన్‌తో కలిపి చూడండి. బడుల ఖాతాలో 5.4 కోట్ల డాలర్ల లోటు బయటపడింది, గవర్నర్ ఇస్తానన్న డబ్బును మేయర్ కార్కెటి తన రాజకీయం కోసం వద్దన్నాడు, ఆ లోటు పూడ్చడానికి పోలీసు ఖర్చు కోశారు, దాంతో ఆ ఖాళీ ఇళ్ళలో దొరికిన ఇరవైకి పైగా శవాల కేసు అటకెక్కింది. అప్పుడు గానీ మెక్‌నల్టీ అబద్ధానికి దిగడు. అటు రిపోర్టర్ టెంపుల్టన్ కూడా కల్పించి రాస్తాడు, అబద్ధం అబద్ధానికి తోడవుతుంది. ముఠాలనే దోచుకునే ఒమర్ చచ్చిపోతే మాత్రం ఆ పేపర్లో చోటే దొరకదు.

ఓపికుంటే పక్కన ఇంకో రెండు గళ్ళు గీసుకోండి. ఒకటి, దొంగలు మాట్లాడుకునే దారి: పేజర్లు, డబ్బా ఫోన్లు, తర్వాత బర్నర్లు, మార్లో వచ్చాక ఎదురుబొదురు మాటలే, చివర్లో గడియారం ఫొటోలు. రెండోది, పోలీసులు హెర్క్‌నూ కార్వర్‌నూ జంటగా. మొదటి సీజన్లో ఇద్దరూ ఒకే మూకుడులో వేగిన బజ్జీలు, తేడా తెలియదు. నాలుగో సీజన్ చివర్లో కార్వర్, దిక్కులేని బడిపిల్లవాడు ర్యాండీని అనాథల హాస్టల్లో వదిలేసి వచ్చి కారు స్టీరింగ్‌ను గుద్దుతుంటాడు. హెర్క్ తర్వాత ముఠాల లాయర్ లెవీ దగ్గర కొలువుకు కుదురుతాడు.

అన్నీ అయ్యాక అదే రాత్రి మొదటి సీజన్ మొదటి సీను మళ్ళీ పెట్టండి, ప్రతి శుక్రవారం ఆటలో డబ్బులు లాక్కుని పారిపోయే కుర్రాడి శవం పక్కన మెక్‌నల్టీ కూర్చుని మాట్లాడేది. మూడు నాలుగు నిమిషాలు, అంతే.

మా బామ్మర్ది సంగతి చెప్పి ముగిస్తా. జడ్చర్ల దగ్గర అడ్తి దుకాణంలో గుమస్తా వాడు, "ఆ ఓడల సీజన్ నాకొద్దు బావా" అని రెండేళ్ళు మొండికేశాడు. దడవాయిల పోలిక చెప్పాక ఏమనుకున్నాడో ఏమో, మొన్న రాత్రి పదకొండింటికి ఫోను. "బావా, చర్చికి కిటికీ ఎవడు పెట్టిస్తే ఏంది, దానికోసం ఆ పోలీసాయన ఇంత పంచాయితీ చేస్తడా?" ఇంకా పదకొండు ఎపిసోడ్లున్నాయి పడుకోరా అని పెట్టేశాను.