విండోస్ సర్వర్‌లో నకలు సిస్టమ్ ఫైళ్లు: సి డ్రైవ్‌ను సురక్షితంగా ఖాళీ చేసే పద్ధతి

కార్యాలయంలో కొన్నేళ్లుగా నడుస్తున్న విండోస్ సర్వర్‌లో సి డ్రైవ్ నిండిపోతోందన్న హెచ్చరిక రాగానే, నకలు ఫైళ్లను వెతికే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించి నడపాలని ఎవరికైనా అనిపిస్తుంది. అది సిస్టమ్32 ఫోల్డర్‌లోనూ విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్‌లోనూ ఒకే పేరు, ఒకే పరిమాణం గల ఫైళ్లను వేల సంఖ్యలో జంటలుగా చూపిస్తుంది. ఆ జాబితాను నమ్మి ఒక్క ఫైలు కూడా తొలగించవద్దు, ఎందుకంటే వాటిలో అధికభాగం నకళ్లు కానే కావు.

విండోస్ తన భాగాలన్నింటినీ విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌లో భద్రపరచి, అవే ఫైళ్లను హార్డ్ లింక్ ద్వారా సిస్టమ్32లో కూడా కనబడేలా చేస్తుంది. అంటే డిస్కు మీద ఉన్నది ఒకే ఫైలు, దానికి పేర్లు రెండు. రెండు గుమ్మాలున్న ఇంటిని రెండు ఇళ్లుగా లెక్కపెట్టినట్లు, ఎక్స్‌ప్లోరర్ ఆ ఫైలు పరిమాణాన్ని రెండుసార్లు కూడుతుంది. అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఎఫ్ఎస్‌యుటిల్ హార్డ్‌లింక్ లిస్ట్ అనే ఆదేశానికి సిస్టమ్32లోని నోట్‌ప్యాడ్ ఫైలు చిరునామా ఇచ్చి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. ఒక వరుసలో సిస్టమ్32 చిరునామా, మరో వరుసలో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ లోపల ఏఎండీ64 అని మొదలై అక్షరాలు, అంకెలు కలగలిసిన పొడవాటి ఫోల్డర్ పేరు కనిపిస్తాయి. వీటిలో ఒక పేరును తుడిచివేసినా డిస్కులో ఒక్క బైటు కూడా ఖాళీ కాదు. పైగా తరువాత వచ్చే అప్‌డేట్ ఆ ఫైలు కోసం వెతికి, దొరకక విఫలమవుతుంది.

నిజంగా తొలగించదగినవి వేరే ఉన్నాయి. ప్రతి నెలా వచ్చే అప్‌డేట్ ఒక భాగానికి కొత్త వెర్షన్ తెచ్చినప్పుడు, అవసరమైతే వెనక్కి వెళ్లడానికి వీలుగా పాత వెర్షన్‌ను విండోస్ అట్టేపెట్టుకుంటుంది. ఏళ్ల తరబడి పేరుకుపోయేవి ఇవే. వీటిని తీసే పని కూడా విండోస్‌లోనే ఉన్న డిస్మ్ అనే సాధనానికే అప్పగించాలి.

పని మొదలుపెట్టే ముందు సిస్టమ్ స్టేట్‌తో (రిజిస్ట్రీ, బూట్ ఫైళ్ల వంటి విండోస్ కీలక సమాచారంతో) సహా బ్యాకప్ తీసుకుని, అది తిరిగి తెరుచుకుంటోందో లేదో పరీక్షించండి. వర్చువల్ మెషీన్ (మరో కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే సర్వర్) అయితే స్నాప్‌షాట్ (ఒక క్షణం నాటి స్థితిని దాచిన రూపం) ఉంది కదా అనుకోవడం సరికాదు. ముఖ్యంగా డొమైన్ కంట్రోలర్ (నెట్‌వర్క్‌లోని ఖాతాలను, లాగిన్‌లను చూసే సర్వర్) విషయంలో స్నాప్‌షాట్‌ను బ్యాకప్‌కు బదులుగా భావించరాదు. అప్‌డేట్ కోసం రీస్టార్ట్ మిగిలి ఉంటే ముందు దాన్ని పూర్తిచేయండి. శుభ్రపరిచే సమయంలో ప్రాసెసర్, డిస్కు రెండింటి మీదా భారం పడుతుంది కాబట్టి, టాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేర్ అదే సర్వర్‌లో నడుస్తుంటే సిబ్బంది వెళ్లిపోయాకే చేయడం మేలు.

తొలి అడుగు పరిశీలన. డిస్మ్ ఆదేశానికి ఆన్‌లైన్, క్లీనప్-ఇమేజ్, అనలైజ్‌కాంపోనెంట్‌స్టోర్ అనే మూడు ఎంపికలను, ఒక్కొక్కదాని ముందు స్లాష్ పెట్టి, జోడించాలి. ఈ సౌకర్యం సర్వర్ 2012 ఆర్2 నుంచి అందుబాటులో ఉంది. వచ్చే ఫలితంలో ఎక్స్‌ప్లోరర్ చెప్పే పరిమాణం ఒకటి, అసలు పరిమాణం మరొకటి వేర్వేరుగా ఉంటాయి. అసలు పరిమాణంలో విండోస్‌తో పంచుకున్న భాగాన్ని పక్కన పెట్టి, బ్యాకప్‌లు, నిలిపివేసిన ఫీచర్ల వాటాను చూడండి. ఆశ పెట్టుకోదగినది అక్కడే ఉంది. చివరి వరుసలో శుభ్రపరచడం మంచిదా కాదా అన్న సిఫార్సు ఉంటుంది. అక్కడ నో అని ఉంటే సమస్య ఈ ఫోల్డర్‌లో లేదన్నమాట, వేరేచోట వెతకండి.

యెస్ అని ఉంటే మూడో ఎంపిక స్థానంలో స్టార్ట్‌కాంపోనెంట్‌క్లీనప్ అని ఇవ్వండి. టాస్క్ షెడ్యూలర్‌లో ఇదే పేరుతో ఉన్న పని కొత్త వెర్షన్ వచ్చాక 30 రోజులు ఆగి పాతదాన్ని తీస్తుంది, గంట దాటితే నిలిచిపోతుంది. మీరు స్వయంగా ఇచ్చిన ఆదేశానికి ఆ రెండు హద్దులూ లేవు. శాతం అంకె ఒకేచోట చాలాసేపు కదలకుండా కనిపించినా కిటికీ మూయవద్దు. దీనికి రీసెట్‌బేస్ అనే ఎంపిక కలిపితే ఇంకొంత స్థలం దొరుకుతుంది గానీ, అప్పటిదాకా వేసిన అప్‌డేట్లను ఇక తొలగించే వీలుండదు. వ్యాపార సర్వర్‌లో దాన్ని వాడకపోవడమే నా సలహా. తప్పనిసరి అయితే, తాజా అప్‌డేట్ వేశాక కొన్ని వారాలు ప్రింటర్లు, డేటాబేస్, రిమోట్ డెస్క్‌టాప్ అన్నీ సవ్యంగా నడిచాయని నిర్ధారించుకున్న తరువాతే వాడండి.

మధ్యలో లోపం ఎదురైతే అదే డిస్మ్‌కు రిస్టోర్‌హెల్త్ ఎంపిక ఇచ్చి ముందు బాగుచేయాలి; ఇంటర్నెట్ లేని సర్వర్‌కు అదే వెర్షన్ ఇన్‌స్టాలేషన్ డిస్కును సోర్స్‌గా చూపించాలి. అన్నీ ముగిశాక రీస్టార్ట్ చేసి, సిస్టమ్ ఫైళ్లను తనిఖీ చేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ ఆదేశం నడిపి, మళ్లీ పరిశీలన ఆదేశంతో తేడా చూసుకోండి.

విండోస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాలర్ ఫోల్డర్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అందులో అర్థంకాని పేర్లతో ఎంఎస్ఐ (ఇన్‌స్టాలేషన్ ప్యాకేజీ), ఎంఎస్‌పీ (ప్యాచ్ ప్యాకేజీ) ఫైళ్లు గుట్టలుగా కనిపిస్తాయి, అనాథల్లా తోస్తాయి. వాటిని తీసేసిన రోజున ఏ ఇబ్బందీ కనబడదు. నెలల తరువాత ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ వేయబోయినప్పుడు పాత ప్యాకేజీ దొరకలేదంటూ అది ఆగిపోతుంది. ఆ ఫోల్డర్‌ను చేత్తో ముట్టుకోకండి.

ఉద్యోగులు దాచుకునే పత్రాల నకళ్ల కోసం సర్వర్ 2012 నుంచి డేటా డీడూప్లికేషన్ అనే సదుపాయం ఉంది. అది డేటా వాల్యూమ్‌లకే, సిస్టమ్ వాల్యూమ్ (అంటే సి డ్రైవ్) మీద పనిచేయదు. ఇంత చేసినా సి డ్రైవ్ చాలకపోతే దాన్ని పెంచడమే మార్గం. అయితే సి డ్రైవ్‌కు కుడి పక్కనే రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసే సాధనాలుండే డిస్కు భాగం) ఉంటే ఎక్స్‌టెండ్ ఎంపిక పనిచేయదు కాబట్టి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ముందుగా ఆ అమరిక చూసుకోండి.