కొండ సైకిల్ నేర్చుకుందాం – 5వ పాఠం: హెల్మెట్ ఫుల్‌ఫేసా, ఓపెన్‌ఫేసా?

పోయిన పాఠంలో దిగుడులో రెండు బ్రేకులూ ఎలా వాడాలో చూశాం. ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టేస్తే వెనక చక్రం లేచి, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పోతాడని చెప్పాను. ఈ పాఠం అక్కడి నుంచే మొదలు. అలా పడినప్పుడు చేతులు ముందుకు చాస్తాం. చేతులు ఆగనప్పుడు నేలకు తగిలేది గడ్డం, పళ్లు, ముక్కు.

ఒడిశాలోని కోరాపుట్, సునాబెడ, సెమిలిగూడ వైపు కొత్తగా కొండ సైకిల్ కొన్న తెలుగు కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, ఫుల్‌ఫేస్ హెల్మెట్ కొనమంటావా, మామూలుది చాలా?" నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటి హెల్మెట్‌గా మంచి ఓపెన్‌ఫేస్ ట్రెయిల్ హెల్మెట్, అంటే కొండ దారుల కోసం చేసినది, కొనండి. రాళ్ల దిగుడులో వేగంగా దిగడం మొదలుపెట్టేటప్పుడు, తేలికపాటి ఫుల్‌ఫేస్ తీసుకోండి. ఎందుకు ఇలా అంటున్నానో తెలిస్తే మీ దారికి తగ్గట్టు మీరే మార్చుకోగలరు.

ముందు ఈ రెండూ ఏమిటో చూద్దాం. ఓపెన్‌ఫేస్ అంటే నుదురు, నడినెత్తి, కణతలు, తల వెనక భాగం కప్పేది. రోడ్డు సైకిల్ హెల్మెట్ కంటే ట్రెయిల్ హెల్మెట్ వెనక వైపు బాగా కిందికి దిగుతుంది. ముందు టోపీ అంచులాంటి చిన్న వైజర్ ఉంటుంది. బరువు 300 నుంచి 400 గ్రాములు. ఫుల్‌ఫేస్‌కి వీటితో పాటు గడ్డం ముందు ఒక అడ్డు, అంటే చిన్ బార్ ఉంటుంది. డౌన్‌హిల్ పందేల కోసం, అంటే కొండ దిగడంలో పోటీల కోసం, చేసే రకం కిలో దాటుతుంది. ఈమధ్య వచ్చే తేలిక రకాలు 650 నుంచి 850 గ్రాముల మధ్య ఉంటున్నాయి. రెండింటిలోనూ లోపల దెబ్బ తీసుకునేది మనం థర్మాకోల్ అని పిలిచే పదార్థమే. అది నలిగి దెబ్బలోని శక్తిని తినేస్తుంది. ఒకసారి నలిగాక మళ్లీ పని చేయదు. అందుకే తల గట్టిగా తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా మార్చాల్సిందే.

ఇక అసలు విషయం, ఎలా పడతాం?

ఎక్కేటప్పుడు పడితే వేగం ఉండదు. పెడల్ రాయికి తగిలి పక్కకి ఒరుగుతాం, మోచెయ్యి, మోకాలు గీసుకుంటాయి. మలుపులో ముందు టైరు జారితే పక్కకి పడతాం, భుజం, కణత తగులుతాయి. మన ఎర్రమట్టి దారుల్లో ఇది ఎక్కువ. ఎండాకాలం పైన గుళికల్లాంటి కంకర తేలి ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అదే మట్టి జిగటగా మారుతుంది. ఇలా పడే ఈ రెండు రకాలకీ ఓపెన్‌ఫేస్ సరిపోతుంది. మూడోది నిటారు దిగుడులో హ్యాండిల్ మీదుగా ఎగిరి పడటం. వాన నీరు కోసిన గాడిలో ముందు చక్రం ఇరుక్కుంటే, గడ్డిలో కనపడని రాయికి తగిలితే ఇలా అవుతుంది. నాలుగోది తుప్పల్లోకి, చెట్ల మధ్యకి వేగంగా దూసుకుపోవడం. నీలగిరి తోటల పక్క దారుల్లో కొమ్మ మొహానికి తగలడానికి పడాల్సిన పని కూడా లేదు. ఈ రెండింట్లోనూ ముఖానికి ముందు అడ్డు కావాలి.

ఓపెన్‌ఫేస్ ముఖాన్ని అసలు కాపాడదని కొందరంటారు, అది నిజం కాదు. 1999లో వచ్చిన కాక్రేన్ సమీక్ష, అంటే అంతకుముందు జరిగిన వైద్య అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన, మామూలు సైకిల్ హెల్మెట్లు తల, మెదడు గాయాల ముప్పును 63 నుంచి 88 శాతం దాకా తగ్గిస్తాయని తేల్చింది. ముఖం పై భాగం, మధ్య భాగం గాయాలు కూడా 65 శాతం తగ్గాయి. నుదుటి దగ్గర హెల్మెట్ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి అది ముందుగా నేలని తాకుతుంది. కింది దవడకి మాత్రం అలాంటి ఆసరా లేదు. ఫుల్‌ఫేస్ కొనేది ఆ దవడ కోసమే. విరిగిన చెయ్యి కట్టుతో అతుక్కుంటుంది. ముందు పళ్లు నాలుగు పోయి, దవడ విరిగితే తినడం, మాట్లాడటం, నెలల తరబడి డాక్టర్ల చుట్టూ తిరగడం. పొట్టంగి కొండల్లో పడినవాణ్ని కోరాపుట్ మెడికల్ కాలేజీకి చేర్చేసరికే చాలా సమయం పోతుంది. పెద్ద ఆపరేషన్ అంటే చాలామంది విశాఖ దారి పట్టాల్సిందే. ఊళ్లో ఆస్పత్రి పక్కనే తొక్కేవాడికీ మనకీ లెక్క ఒకటి కాదు.

మరి అందరం ఫుల్‌ఫేసే కొనేస్తే పోలేదా? ఇక్కడే మన కొండల సంగతి వస్తుంది. విదేశాల్లో బైక్ పార్కుల్లో సైకిల్‌ని లిఫ్టులో ఎక్కించుకుని పైకి వెళ్లి, దిగడం ఒక్కటే చేస్తారు. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) డౌన్‌హిల్ పోటీల్లో ఫుల్‌ఫేస్ తప్పనిసరి, పందెంలోనే కాదు, ఆ ట్రాక్ మీద ప్రాక్టీసులో కూడా. మనకి లిఫ్టులు లేవు. 1672 మీటర్ల దేవమాలి అయినా, గజపతి జిల్లాలో 1501 మీటర్ల మహేంద్రగిరి అయినా, ఎక్కడం మన కాళ్లతోనే. గంటకి పైగా ఎక్కి, పావుగంటలో దిగుతాం. ఎక్కేటప్పుడు నోటితో ఊపిరి తీస్తాం. బరువైన ఫుల్‌ఫేస్‌లో ఆ వేడి గాలి మొహం దగ్గరే తిరుగుతుంది, చెమట కళ్లలోకి కారుతుంది. చివరికి తీసి హ్యాండిల్‌కి తగిలిస్తారు. పైకి చేరాక ఫొటోలు దిగే హడావిడిలో పట్టీ సరిగా పెట్టకుండానే దిగడం మొదలుపెడతారు. చివరిదాకా తల మీద ఉంచుకోగలిగిన హెల్మెటే మీకు పనికొచ్చే హెల్మెట్. అందుకే కిలో దాటిన డౌన్‌హిల్ రకాన్ని మన వైపు ఎవరికీ సిఫారసు చేయను. పెద్ద గాలి కన్నాలు ఉన్న తేలిక ఫుల్‌ఫేస్ అయితే, కోరాపుట్ ఎత్తులో చలికాలం ఉదయాలు హాయిగా తొక్కవచ్చు. గుణుపురం, జయపురం దిగువ ప్రాంతాల్లో ఏప్రిల్ ఎండకి అదీ కష్టమే.

మధ్యరకం ఒకటుంది, చిన్ బార్ ఊడదీసే హెల్మెట్. బెల్ సూపర్ డీహెచ్, జిరో స్విచ్‌బ్లేడ్ ఈ కోవలోవి. ఎక్కేటప్పుడు బార్ తీసి బ్యాగుకి కట్టుకుని, పైన మళ్లీ బిగించుకోవచ్చు. మన కొండలకి ఈ ఆలోచన చాలా బాగా సరిపోతుంది. ధరే ఎక్కువ. పైగా ప్రతిసారీ క్లిప్పులు టక్కుమని పడ్డాయో లేదో చూసుకునే ఓపిక ఉండాలి.

మరో ప్రశ్న కూడా వస్తుంటుంది. "ఇంట్లో మోటార్‌సైకిల్ ఫుల్‌ఫేస్ ఉంది కదా అన్నా, అది పెట్టుకోకూడదా?" దానికి రక్షణ తక్కువ అనను. ఐఎస్ 4151 (మోటార్‌సైకిల్ హెల్మెట్లకి మన దేశ ప్రమాణం) ముద్ర ఉన్న మంచి హెల్మెట్ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు దవడని కాపాడుతుంది. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఆ ముద్ర లేని మోటార్‌సైకిల్ హెల్మెట్ అమ్మకూడదు కూడా. కానీ అది ఇంజిన్ మీద కూర్చుని పోయేవాడి కోసం చేసినది. కాళ్లతో కొండ ఎక్కేవాడి ఊపిరికి తగినంత గాలి రాదు, అద్దం మసకబారుతుంది, వెనక వచ్చే బండి శబ్దం వినపడదు, రాళ్ల మీద అదిరే కొద్దీ ఆ బరువుకి మెడ పీకేస్తుంది. సైకిల్‌కి సైకిల్ హెల్మెటే కొనండి.

కొనేటప్పుడు లోపలి స్టిక్కర్ చదవండి. ఇది చాలామంది వదిలేసే విషయం, ఫుల్‌ఫేస్‌లో అయితే మరీ ముఖ్యం. ఈఎన్ 1078 యూరప్ సైకిల్ ప్రమాణం, సీపీఎస్‌సీ అమెరికాది. సీపీఎస్‌సీ పరీక్షలో హెల్మెట్‌ని 2 మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మ మీద పడేస్తారు. ఈ రెండు ప్రమాణాల్లోనూ చిన్ బార్‌కి పరీక్ష లేదు. ఆ పరీక్ష ఉన్నది డౌన్‌హిల్ కోసం పెట్టిన మరో ప్రమాణం, ఏఎస్‌టీఎం ఎఫ్1952లో. ఫుల్‌ఫేస్ మీద ఈఎన్ 1078 ఒక్కటే కనిపిస్తే, గడ్డం అడ్డు ఎంత గట్టిదో కంపెనీ మాటే ఆధారం. నేనైతే ఎఫ్1952 లేని ఫుల్‌ఫేస్‌కి అంత డబ్బు పెట్టను. లోపల మిప్స్ అనే జారే పొర ఉంటే మంచిదే, ఏటవాలుగా తగిలిన దెబ్బకి తల గిర్రున తిరగకుండా అది కొంత జారుతుంది. అయితే సైజు కుదరని మిప్స్ హెల్మెట్ కంటే సైజు కుదిరిన మామూలుదే మేలు.

సైజు కోసం కనుబొమలకి రెండు సెంటీమీటర్ల పైన, చెవుల మీదుగా టేపు చుట్టి కొలవండి. ఓపెన్‌ఫేస్ అయితే వెనక నాబ్ బిగించి, పట్టీ పెట్టకుండా తల ఊపండి, జారకూడదు. ముందు అంచుకీ కనుబొమకీ మధ్య రెండు వేళ్ల కంటే ఎక్కువ ఖాళీ ఉంటే నుదురు బయట ఉన్నట్టే. పక్క పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్లే దూరాలి.

ఫుల్‌ఫేస్‌కి చూసే పద్ధతి వేరు. చెంప ప్యాడ్లు రెండు వైపులా గట్టిగా ఆనాలి, కొత్తలో బుగ్గలు లోపలికి నొక్కినట్టుంటుంది, అది సరైనదే. చిన్ బార్ పట్టుకుని పక్కలకి కదపండి, చెంపల చర్మం దానితో పాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే ఒక సైజు తగ్గించండి. పట్టీ పెట్టుకుని, వెనక అంచు కింద వేళ్లు పెట్టి ముందుకి ఎత్తి చూడండి, ఊడి రాకూడదు. గడ్డం బార్‌కి తగలకూడదు. కళ్లజోడు ఉన్నవాళ్లు దుకాణానికి కళ్లజోడుతోనే వెళ్లండి. హెల్మెట్ పెట్టుకున్నాక జోడు లోపలికి దూర్చి, కనీసం పది నిమిషాలు అలాగే ఉండండి. కణతల దగ్గర నొక్కేది అప్పుడే తెలుస్తుంది. ఈ పరీక్షలన్నీ ఆన్‌లైన్‌లో కుదరవు, అందుకే విశాఖ వెళ్లే పని పడ్డప్పుడు పెద్ద స్పోర్ట్స్ దుకాణంలో పెట్టి చూసి రండి.

ఫుల్‌ఫేస్ కొన్నవాళ్లు మీ జట్టులో అందరికీ ఒక మాట చెప్పి ఉంచాలి. మీరు పడిపోయి మెడ నొప్పి అంటున్నా, స్పృహ లేకపోయినా, ఎవరూ హెల్మెట్‌ని గుంజి తీయకూడదు. తల కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడకపోతేనే తీయాలి, అదీ ఇద్దరు కలిసి, ఒకరు మెడని కిందనుంచి పట్టుకుంటే ఇంకొకరు నెమ్మదిగా. కొన్ని రకాల్లో చెంప ప్యాడ్లు ముందే లాగేయడానికి ఎర్ర పట్టీలు ఉంటాయి. మీ దానికి ఉంటే ఎక్కడున్నాయో తోటివాళ్లకి చూపించండి.

ఈ వారం అభ్యాసం: మీరు మామూలుగా తొక్కే దారిలో ఒకసారి సైకిల్ నడిపించుకుంటూ నడవండి. ఎక్కడ ఎలా పడే అవకాశం ఉందో కాగితం మీద రాయండి: ఎక్కుడులోనా, మలుపులోనా, నిటారు దిగుడులోనా, కొమ్మల మధ్యనా. చివరి రెండూ కలిపి సగానికి మించితే ఫుల్‌ఫేస్ కోసం డబ్బు దాచడం మొదలుపెట్టండి. ఆ కాగితం దగ్గర ఉంచుకోండి, 6వ పాఠంలో మోకాలి ప్యాడ్లు, గ్లవ్స్ ఎంచుకునేటప్పుడు మళ్లీ దానితోనే పని.