తాడు మీద ఆల్చిప్పలు నోరు తెరిచేస్తుంటే ముందు చూడాల్సింది

ఉప్పుటేరులో సరుగుడు కర్రలతో పందిరి కట్టి, తాళ్లకు పచ్చ ఆల్చిప్పల (గ్రీన్ మసెల్) సీడ్, అంటే రాళ్ల మీది నుంచి తీసుకొచ్చిన పిల్ల చిప్పలు, చుట్టి వేలాడదీయడం తెలిసినవాళ్ల కోసం రాస్తున్నాను. అది రాకపోతే కేరళలోని కాసర్‌గోడ్ జిల్లా పడన్న వైపు వెళ్లి నాలుగు రోజులు చూసి రండి. అక్కడ మహిళా సంఘాలు 1990ల చివరి నుంచి ఇదే పని చేస్తున్నాయి. వాళ్లు దీన్ని కల్లుమ్మక్కాయ అంటారు.

సీడ్ చుట్టిన వారంలోనే రాలిపోతోంది

సీడ్ తన పీచుతో తాడును పట్టుకోకముందే దోమతెర గుడ్డ పుచ్చిపోయి ఉంటుంది. లేదా సీడ్ ఎండలో పడి నీరసించి ఉంటుంది. గుడ్డ మార్చండి. సీడ్‌ను తడి గోనె కప్పి తెచ్చి అదే రోజు వేలాడదీయండి. మీటరు తాడుకు కిలో, కిలోన్నర చాలు. ఆశకు పోయి ఎక్కువ చుడితే పై పొర బరువుకే ఊడిపోతుంది. చేపలు కొరుక్కుతింటుంటే పందిరి చుట్టూ పాత వల కట్టండి.

నెలా రెండు నెలలు బాగా పెరిగి, ఉన్నట్టుండి చిప్పలు తెరుచుకుంటున్నాయి

ఫోన్ చేసినవాళ్లంతా మొదట చెప్పేది ఒకటే: "సెలినిటీ (నీటిలో ఉప్పు మోతాదు) బాగానే ఉందండీ, ముప్పై వచ్చింది." ఎప్పుడు కొలిచారు? "పొద్దున్నే." అప్పుడు పోటా, ఆటా? ఇక అటువైపు మాట ఉండదు.

ఇది రొయ్యల చెరువు అలవాటు. చెరువులో రోజుకోసారి చూస్తే సరిపోతుంది. పైగా వనామీ రొయ్య 5 పీపీటీలో (లీటరు నీటికి 5 గ్రాముల ఉప్పు) కూడా బతికేస్తుంది కాబట్టి ఆ అంకె అంటే మనకు పెద్ద భయం ఉండదు. పచ్చ ఆల్చిప్పకు 27 నుంచి 35 దాకా కావాలి. ఉప్పుటేరులోనేమో పోటుకు సముద్రం లోపలికొస్తుంది, ఆటుకు పైనుంచి మంచినీళ్లు దిగుతాయి. ఆరు గంటల్లో అంకె తలకిందులైపోతుంది. మంచినీళ్లు తేలిక కాబట్టి పైన పొరలా నిలుస్తాయి. తాడు పై మూర ఉండేది ఆ పొరలోనే.

అసలు మోసం ఇక్కడుంది. ఉప్పు తగ్గగానే ఆల్చిప్ప చావదు, నోరు మూసుకుంటుంది. మేత లేకుండా, ఒంట్లో ఉన్నదే కరిగించుకుంటూ కొన్ని రోజులు ఓర్చుకుంటుంది. కండ పట్టు వదిలాకే తెరుచుకుంటుంది. అప్పటికి వాన వెలిసిపోయి, నీళ్లు మళ్లీ ఉప్పెక్కి ఉంటాయి. మీరు కొలుస్తారు, ముప్పై వస్తుంది, ఇదేదో రోగం అనుకుంటారు.

నేనూ అలాగే అనుకున్నాను. కేరళ పట్టిక చూసి నవంబరులో సీడ్ చుట్టాను. వాళ్లకు నైరుతి వానలు అయిపోయి అప్పటికి నీళ్లు ఉప్పెక్కుతాయి. మన తీరంలో అదే నెలలో ఈశాన్య వానలు, వాయుగుండాలు. సగం పైగా తాళ్లు పోయాయి, నేను మాత్రం మందుల కోసం తిరిగాను.

కాబట్టి ముందు చచ్చినవి ఎక్కడున్నాయో చూడండి. తాడు పైభాగంలోనే ఎక్కువగా ఉండి, కింది మూర బతికుంటే ఇంకేమీ వెతకక్కర్లేదు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకు తెచ్చుకుని, ఆటు చివర్లో జానెడు లోతున ఒకసారి, తాడు కొస దగ్గర ఒకసారి కొలవండి. వాన పడ్డాక వారం రోజులు రాసి పెట్టుకోండి.

తాళ్లు కట్టేటప్పుడే రెండు మూరలు అదనంగా వదిలితే వాన పడ్డప్పుడు కిందికి దించొచ్చు, బురద మాత్రం తగలకూడదు. అంత లోతు లేకపోతే పందిరిని మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) వైపు జరపడమే. అమ్మే సైజు వచ్చినవి వాయుగుండం కబురు వినగానే తీసేయండి. తెరుచుకున్నదాన్ని గోటితో తట్టండి, మూసుకుంటే బతికున్నట్టే. చచ్చినవి ఏరేసి, మిగతావాటిని నాలుగు రోజులు కదపకండి. అన్నిటికంటే ముందు, మన దగ్గర వానలు పూర్తిగా తగ్గకుండా సీడ్ చుట్టొద్దు.

ఈసారి రాళ్ల మీద సీడే లేదు

పోయినేడు గునపంతో రాయిని నున్నగా గీకేసింది ఎవరు? తల్లి చిప్పలు గుడ్లు వదలాలి, పిల్లలు వారాల తరబడి నీళ్లలో తేలి వచ్చి రాయికి అంటుకోవాలి. తల్లులే లేకపోతే ఎక్కడి నుంచి వస్తాయి? అక్కడక్కడా మచ్చలుగా మాత్రమే తీయండి, పెద్దవాటి జోలికి పోకండి. కేరళలో కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో 1990ల మొదట్లో గుల్లలు (మరో రకం చిప్పలు) తగ్గిపోతే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట ఆపారు, వల కన్ను పెద్దది చేశారు. ఆ వేటకే 2014లో ఎమ్మెస్సీ (వనరు తరగకుండా పట్టే వేటకు అంతర్జాతీయ సంస్థ ఇచ్చే గుర్తింపు) సర్టిఫికెట్ వచ్చింది, దేశంలో మొదటిది అదే.

రోగమేమో?

పెర్కిన్సస్ లాంటి పరాన్నజీవులు ఉన్నాయి, కాదనను. పైవన్నీ చూసి, ఏదీ కాదని తేలాక ల్యాబ్‌కు పంపండి.

నీళ్లు ఎర్రగా మారితే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆ రంగు విషపు సూక్ష్మ నాచుది కావచ్చు. దాన్ని తిన్న ఆల్చిప్పలు బాగానే ఉంటాయి, వాటిని తిన్నవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. 1997లో కేరళలోని విళింజంలో ఆల్చిప్పలు తిని మనుషులు చనిపోయారు. ఆ విషం ఉడికించినా పోదు. నీటి రంగు మారిన రోజే కోత ఆపేయండి, టెస్ట్ రిపోర్ట్ చేతికొచ్చాకే అమ్మండి.