వీపు రెక్కను చూసి డాల్ఫిన్లను లెక్కించడం ఎలా

డాల్ఫిన్ల తలలు లెక్కపెట్టి లాభం లేదు. ఇక్కడ మునిగినది అక్కడ తేలుతుంది, ఒకటే మూడుసార్లు లెక్కలోకి వస్తుంది. నేను వీపు రెక్కలను ఫోటో తీస్తాను. రెక్క వెనుక అంచున పడిన గాట్లు ఒక్కోదానికి ఒక్కో తీరు, ఏళ్ల తరబడి చెరగవు. కెనడా పశ్చిమ తీరంలో మైకేల్ బిగ్ అనే పరిశోధకుడు 1970లలో, డాల్ఫిన్ కుటుంబానికే చెందిన కిల్లర్ వేల్స్‌ను రెక్కనూ దాని వెనుక ఉండే బూడిద రంగు మచ్చనూ చూసే ఒక్కొక్కటిగా గుర్తుపట్టారు.

దగ్గరికి వెళ్లడానికి అనుమతి తీసుకున్నాకే పడవ ఎక్కండి. అలల మీద తెల్లని నురగ ఎక్కువైతే ఆ రోజుకు పని ఆపేయండి. గుంపును వెనుక నుంచి తరమవద్దు, దారికి అడ్డం పోవద్దు. పక్కనే, వాటి వేగంతోనే సాగండి. రెక్క పూర్తిగా పక్క నుంచి కనబడినప్పుడే తీయాలి, ఏటవాలుగా ఉంటే గాటు లోతు తెలియదు. షట్టర్ సెకనులో వెయ్యో వంతు, లేదా ఇంకా వేగంగా. గుంపు పూర్తయ్యాక ఆకాశాన్ని ఒక ఫోటో తీయండి, తర్వాత గుంపులు కలగాపులగం కావు.

గాట్లు లేని రెక్కలనూ అంతే శ్రద్ధగా తీయండి. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. మొదటి సర్వేలో గాట్లున్నవి 40, కొద్ది వారాలకు చేసిన రెండో సర్వేలో 50, రెండింటిలోనూ కనబడినవి 20 అనుకుందాం. 40ని 50తో గుణించి 20తో భాగిస్తే 100. ఇవి గాట్లున్నవి మాత్రమే. మంచి ఫోటోలలో నూటికి 80 రెక్కలకే గాట్లుంటే మొత్తం 125.

జీపీఎస్‌లో పడవ తిరిగిన దారంతా ఉండాలి. ఏమీ కనబడని నీళ్లు కూడా ఆవాసం గురించి చెబుతాయి.

పోల్చేటప్పుడు మసక ఫోటోలను ముందే తీసేయండి, అందులోనిది మీకు బాగా తెలిసిన డాల్ఫిన్ అయినా సరే. ఇతర డాల్ఫిన్ల పళ్లు గీరిన గీతలను నమ్మవద్దు, అవి మానిపోతాయి. రెండు ఫోటోలలోనిది ఒకటే డాల్ఫిన్ అని ఇద్దరు విడివిడిగా చూసి ఒప్పుకుంటేనే జత కలపండి. నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే: జతలు తప్పిపోతే సంఖ్య పెరుగుతుంది, తరిగిపోతున్న జంతువులు కాగితం మీద క్షేమంగా కనిపిస్తాయి.

హంప్‌బ్యాక్ తిమింగలమైతే మునిగే ముందు పైకెత్తే తోక అడుగు భాగాన్ని తీయండి. డాల్ఫిన్లకు దగ్గరి బంధువులైన హార్బర్ పార్పాయిస్‌ల దగ్గర కెమెరాతో పని జరగడం కష్టం. అవి చిన్నవి, పడవకు దూరంగా తొలగిపోతాయి. అవి చేసే టిక్కు టిక్కుమనే శబ్దాలు 130 కిలోహెర్ట్జ్ దగ్గర, మన చెవికి అందనంత పైన ఉంటాయి కాబట్టి, ఆ స్థాయి శబ్దాన్ని పట్టగల హైడ్రోఫోన్‌నే, అంటే నీటి అడుగు మైకునే, నీటిలోకి దించండి.