గర్భసంచి క్యాన్సర్‌కు కరెంట్ పెట్టించుకుంటున్నారా? తుంటి ఎముకలను ఇలా కాపాడుకోండి

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికైనా, పంజగుట్ట నిమ్స్‌కైనా వచ్చే ఆడవాళ్లు రేడియేషన్‌ను ‘కరెంట్ పెట్టడం’ అనే అంటారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లోనూ, గర్భసంచి క్యాన్సర్‌లోనూ ప్రాణం నిలబెట్టే వైద్యమిది. ఎముకల భయంతో దీన్ని మానుకోవద్దు, మధ్యలో ఆపొద్దు.

అయితే నడుము చివరి ఎముక, తుంటి ఎముకలు కణితి చుట్టూనే ఉంటాయి. సాధారణంగా 25 నుంచి 28 సిట్టింగ్‌లలో 45–50 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) దాకా రేడియేషన్ ఇస్తారు. అందులో కొంత ఎముకల మీదా పడుతుంది. ఎముకను ఎప్పటికప్పుడు కొత్తగా కట్టే కణాలు, వాటికి రక్తం అందించే సన్నని నాళాలు దెబ్బతింటాయి. తర్వాత కొన్ని నెలలకో, ఏడాది రెండేళ్లకో, ఎక్కడా పడకపోయినా ఎముకలో సన్న పగుళ్లు రావచ్చు. క్యాన్సర్ అన్న టెన్షన్‌లో ఎముకల సంగతి అడగాలని తోచదు. కానీ అడగాలి, అదీ మొదటి సిట్టింగ్‌కు ముందే.

మొదలుపెట్టకముందు

మీ వయసు 50 దాటిందా, ముట్లు ఆగిపోయాయా, మరీ సన్నగా ఉన్నారా, చిన్న దెబ్బకే ఎప్పుడైనా ఎముక విరిగిందా, ఆయాసానికో కీళ్లవాతానికో చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నారా, బీడీ, చుట్ట అలవాటుందా? వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌కు మీరే చెప్పండి. ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ అవసరమా అని అడగండి. నొప్పి ఉండదు, కాసేపట్లో అయిపోతుంది. అందులో టి-స్కోర్ మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టే. విటమిన్ డి, కాల్షియం రక్తపరీక్షలు కూడా అప్పుడే చేయించుకుంటే మంచిది. కిరణాల మోతాదును చోటును బట్టి మార్చి ఇచ్చే ఐఎంఆర్‌టీ పద్ధతిలో ఎముకల మీద పడే మోతాదును తగ్గించే వీలుంటుంది. మీ కేసులో అది కుదురుతుందో లేదో అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంకా నెలసరి వస్తున్నవాళ్లు ఇంకో మాట కూడా అడగాలి. పొత్తికడుపుకు కరెంట్ పెడితే అండాశయాలు పనిచేయడం ఆగిపోతుంది. ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతే ఎముక త్వరగా అరుగుతుంది. కొందరికి ముందే ఆపరేషన్ చేసి అండాశయాలను కిరణాల దారిలోంచి పైకి జరుపుతారు. ముఖద్వారంలో ఎక్కువగా వచ్చే స్క్వామస్ రకానికి హార్మోన్లతో సంబంధం లేదు కాబట్టి, చిన్న వయసువాళ్లకు తర్వాత హార్మోన్ మందులు ఇవ్వవచ్చు. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌లో లెక్క వేరు, అది మీ డాక్టరే తేల్చాలి.

కరెంట్ పెట్టే వారాల్లో

మూత్రం నిండుగా ఉంచుకుని, విరేచనం అయ్యాక రమ్మని చెబితే అది తప్పకుండా పాటించండి. ప్లాన్ వేసిన రోజు లోపలి అవయవాలు ఎలా ఉన్నాయో రోజూ అలాగే ఉంటేనే కిరణాలు గీసిన చోట పడతాయి. ఈ రోజుల్లో విరేచనాలు పట్టుకుంటే పాలు, ఆకుకూరలు బలవంతంగా తినొద్దు. చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి. మిగతావి కడుపు కుదుటపడ్డాక చూసుకోవచ్చు.

తిండి, మాత్రలు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, ముట్లుడిగిన ఆడవాళ్లకు 1200. వంద గ్రాముల రాగుల్లో సుమారు 360, గ్లాసు పాలలో సుమారు 240 ఉంటాయి. రాగి జావ, పెరుగు, నువ్వుల పొడి, మునగాకు పప్పు ఇంట్లో ఉండేవే. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేట్ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర కలిపి వేసుకోవద్దు. థైరాయిడ్ మాత్రకు, కాల్షియానికి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.

విటమిన్ డి సాచెట్ల విషయంలో మాత్రం గట్టిగానే చెప్పాలి. అరవై వేల యూనిట్ల సాచెట్ వారానికొకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో నెలల తరబడి కొనుక్కుని తాగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇంట్లో, బయట

మంచానికే అతుక్కుపోతే ఎముక ఇంకా బలహీనపడుతుంది. రోజూ కాసేపు నడవండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం ఫిజియోథెరపిస్ట్‌ను అడిగి మొదలుపెట్టండి. మంచం మీద నుంచి లేచేటప్పుడు నడుము మెలితిప్పొద్దు. ముందు పక్కకు తిరిగి, రెండు కాళ్లూ కిందికి దించుతూ మోచేతితో నెట్టుకుని లేవాలి. నిండు బిందె చంకనెత్తుకోవడం, గ్యాస్ సిలిండర్ జరపడం ఇంట్లోవాళ్లు చూసుకోవాలి. తడిసిన షాబాదు బండల మీద జారడం క్షణం పని కాబట్టి బాత్రూంలో రబ్బరు చాప వేసి, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి. బండి వెనకాల పక్కకు కూర్చుని గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరిపడటం కంటే కొన్నాళ్లు ఆటోలో ముందుగానే బయల్దేరి నెమ్మదిగా వెళ్లడం మేలు.

నొప్పి వస్తే

నడుము కింద, పిరుదుల దగ్గర, గజ్జల్లో నొప్పి నిలబడితే, నడిస్తే పెరిగి, పడుకుంటే తగ్గుతుంటే పగులు అనుమానించాలి. ‘వయసు మీద పడింది, వాతం’ అని ఇంట్లోవాళ్లు తీసిపారేయకూడదు. ‘క్యాన్సర్ మళ్లీ వచ్చేసింది’ అని మీరు కుంగిపోకూడదు. ఎక్స్‌రేలో ఈ సన్న పగుళ్లు తరచూ కనిపించవు. ‘నార్మల్’ అన్నారని ఊరుకోకుండా ఎంఆర్‌ఐ గురించి అడగండి. బోన్ స్కాన్‌లో పగులు కూడా క్యాన్సర్ పాకినట్టే వెలుగుతుంది. అందుకే ఆ రిపోర్టును రేడియేషన్ ఇచ్చిన డాక్టరే చూడాలి. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పగులే అయితే చాలామందికి నొప్పి మందులు, కొన్ని వారాలు వాకర్, మెల్లగా పెంచే నడకతో కొన్ని నెలల్లో తగ్గుతుంది. ఎముక బలానికి జొలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ రాస్తే, ముందు పళ్ల డాక్టర్‌కు చూపించుకుని పీకాల్సిన పన్ను ఏదైనా ఉంటే పీకించుకోండి. ఆ మందు మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. టెరిపారటైడ్ అనే ఇంకో ఎముకల ఇంజెక్షన్‌ను మాత్రం ఎముకలకు రేడియేషన్ తగిలినవాళ్లకు వాడకూడదు. అందుకే ఏ ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లినా మొదటి మాటగా ‘పొత్తికడుపుకు కరెంట్ పెట్టారు’ అని చెప్పి, ఎన్ని సిట్టింగ్‌లో, ఎన్ని గ్రేలో రాసి ఉన్న డిశ్చార్జ్ కాగితాన్ని చూపించండి.